ఈమ్ రాళ్ళను చదవడం ఎలా?

చిరంజీవి అమ్మలుకి,

షెఫీల్డ్‌లో చరిత్ర చదువుకుంటున్నావు కనుక, సెలవు దొరికిన రోజున దగ్గర్లోనే డెర్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ అనే పల్లెకు వెళ్ళి రా. వెళ్ళేముందు నాలుగు మాటలు చెబుతాను.

ముందు సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలోకి నడు. అక్కడున్న రాతి శిలువ ఎనిమిదో శతాబ్దం నాటిది. సీసం గనుల మీదా సేద్యం మీదా బతికిన ఈ ఊరు ఎంత పాతదో ఆ రాయి చెబుతుంది. కానీ ఒక రాయి వయసు తెలుసుకుంటే సగం చదువే అయినట్టు. ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటే అది అక్కడికి చేరిందో ఆరా తీయడం మిగతా సగం. అది నేర్చుకోవడానికే నిన్ను ఈమ్‌కు పంపుతున్నాను.

1665లో లండన్‌ను ప్లేగు తుడిచిపెడుతోంది. అక్కడి నుంచి ఈమ్‌లోని దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటలోని గోమారి పురుగులతో జబ్బు దిగిందని చెప్పుకుంటారు. ఆ ఇంట్లో పనిచేసే జార్జ్ వికార్స్‌ను సెప్టెంబరు 7న పూడ్చిపెట్టారు. చలికాలంలో తగ్గుముఖం పట్టిన జబ్బు మరుసటి వేసవిలో మళ్ళీ విరుచుకుపడింది.

అప్పుడు చర్చి పెద్ద విలియం మాంపెసన్. యువకుడు, ఊరికి కొత్త, జనానికి అతని మీద ఇంకా గురి కుదరలేదు. వాళ్ళు నమ్మిన మనిషి పాత చర్చి పెద్ద థామస్ స్టాన్లీ. 1662 నాటి మత చట్టానికి తలవంచనందుకు ఆయన పదవి పోయింది. సిద్ధాంతంలో ఎడమొహం పెడమొహంగా ఉండాల్సిన ఆ ఇద్దరూ 1666 జూన్‌లో చేయి కలిపి ఊరి ముందు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆ మూడింటికీ మూడు గుర్తులు ఈనాటికీ ఉన్నాయి.

చర్చి మూసి ప్రార్థనలు ఆరుబయట జరపాలన్నది మొదటిది. దాని గుర్తు కక్‌లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయ. కుటుంబాలు అక్కడ దూరం దూరంగా నిలబడేవి. ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ప్లేగు మృతులను తలచుకుంటారు.

ఎవరి వాళ్ళను వాళ్ళే తమ దొడ్లోనో చేలోనో పూడ్చుకోవాలన్నది రెండోది. దాని గుర్తు రైలీ సమాధులు. ఎలిజబెత్ హాంకాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు బిడ్డలనూ తన చేతులతోనే అక్కడ పూడ్చింది.

పొలిమేర దాటకూడదన్నది మూడోది. స్టోనీ మిడిల్టన్ దారిలో గుంటలున్న సరిహద్దు రాయి దాని గుర్తు. ఆ గుంటల్లో వెనిగర్ పోసి నాణేలు వేస్తే, పొరుగూరివాళ్ళు సరుకులు అక్కడ పెట్టి వెళ్ళేవారు. చాట్స్‌వర్త్ నుంచి డెవన్‌షైర్ ప్రభువు కూడా సాయం పంపాడు.

1666 నవంబరు నాటికి మరణాలు ఆగాయి. దాదాపు 260 మంది పోయారని లెక్క. మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. కట్టడికి ముందే ఆ దంపతులు తమ పిల్లలిద్దరినీ ఊరు దాటించారన్న నిజాన్ని కూడా నీ నోట్సులో రాసుకో. ఒకరి త్యాగాన్ని మెచ్చుకోవడానికి వాళ్ళ భయాన్ని దాచిపెట్టనక్కర్లేదు.

త్యాగమంతా చర్చి పెద్దలదే అన్నట్టు ఎవరైనా చెబితే మాత్రం ఒప్పుకోకు. కట్టుబాటు పెట్టింది ఇద్దరు, దాన్ని నిలబెట్టింది ఊరంతా. ఊరు మాట విన్నదంటే, నమ్మకమున్న పాత మనిషిని కొత్త మనిషి పక్కన నిలబెట్టుకున్నాడు కాబట్టే. అంటువ్యాధి నాడు ఆజ్ఞ కన్నా నమ్మకమే ఎక్కువ పనిచేస్తుందన్నది ఈమ్ నేర్పే పాఠం.

కనుక కథలు వినడానికి ముందు చర్చిలో మృతుల పట్టీని తేదీల వరుసలో చదువు. ఏ ఇంటిపేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. కట్టుబాటుకు ముందు ఎందరు, తర్వాత ఎందరు పోయారో విడివిడిగా రాయి. ఆ తర్వాతే రాళ్ళ దగ్గరికి వెళ్ళు. నువ్వు రాసుకున్న పట్టిక నాకు పంపితే, దాని మీద మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ తాతయ్య