లైట్ లైసెన్సేగా అనకండి

“మావాడి దగ్గరున్నది లైట్ లైసెన్సేనండీ. హెవీ చేతికొచ్చేదాకా ఏం పని దొరుకుతుంది?” అని తల్లులు అడుగుతుంటారు. ఆ మావాడు పక్కనే కూర్చుని ఫోన్‌లో రీల్స్ తోసుకుంటూ ఉంటాడు. నాకు ఒళ్లు మండేది అతని మీదే. ఊళ్లో ఎవరింట పెళ్లయినా కారు తోలిపెడతాడు, శ్రీశైలం ఘాటు ఎక్కించి దింపుతాడు, కానీ తన జేబులోని కార్డుతో ఏ బండ్లు నడపొచ్చో మాత్రం కనుక్కోడు.

పోనీ, నేనే చెబుతాను. ఆ కార్డు మీద ఎల్‌ఎంవీ, అంటే లైట్ మోటార్ వెహికల్, అని ఉంటే, 7,500 కిలోల లోపు బరువున్న బండ్లు మీవే. తెల్ల ప్లేటు సొంత కారుకి జీతం మీద డ్రైవర్‌గా చేరడానికి ఎప్పుడూ అడ్డు లేదు. పేచీ అంతా పసుపు ప్లేటు దగ్గరే వచ్చేది. రవాణా బండ్లు తోలేందుకు విడిగా ఇచ్చే బ్యాడ్జి లేనివాడు ట్యాక్సీ తోలుతుండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీలు డబ్బు కట్టం అని కోర్టుకెక్కేవి. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు, ఆ బరువు లోపు రవాణా బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు అంది. కంపెనీలు ఊరుకోలేదు. ఏళ్ల తరబడి వాదించాక, 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటే ఖాయం చేసింది. ప్రమాదకరమైన సరుకు మోసే బండ్ల సంగతి వేరు, వాటి జోలికి మీరు పోనక్కర్లేదు. అయినా “బ్యాడ్జి ఉందా?” అని అడిగే ట్రావెల్స్ వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల షట్టర్ ముందు నిలబడి తీర్పు అప్పజెప్పకండి. పక్క షట్టర్‌కి నడవండి.

ఇక పనులెక్కడున్నాయంటే, చూసే కళ్లుండాలిగానీ ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కారుంది, తోలే ఓపిక లేని రిటైర్డు దంపతులు. పిల్లల్ని స్కూలుకి దింపి తెచ్చేవాళ్లు లేని ఇళ్లు. స్టాక్‌యార్డు నుంచి షోరూముకి కొత్త బండ్లు తోలుకొచ్చే పని, టెస్ట్ డ్రైవ్‌లో పక్కన కూర్చునే పని. సర్వీసింగుకి ఇంటి దగ్గర కారు తీసుకుని సాయంత్రం తిరిగి దింపే పని. ఫంక్షన్ హాళ్లలో, ఆస్పత్రుల్లో వ్యాలే పార్కింగు. డ్రైవ్‌యూ లాంటి యాప్‌లలో గంటల లెక్కన డ్యూటీలు. హైదరాబాద్‌లో శుక్ర, శని రాత్రుళ్లు పోలీసుల డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలుంటాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే మొదటిసారికే 6 నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అందుకే పార్టీకెళ్లినవాళ్లు యాక్టింగ్ డ్రైవర్ కోసం వెతుక్కుంటారు. ఒకరి భయం ఇంకొకరికి బత్తెం.

మరి ఇన్ని ఉండగా మనకెందుకు దొరకవు? నా సంగతి చెబితే కొంత అర్థమవుతుంది. బీకాం చదివి, లెక్కలు రాసిన కంపెనీ మూతపడ్డాక కొన్నేళ్లు హైదరాబాద్‌లో యాక్టింగ్ డ్రైవర్‌గా చేశాను. బండి బాగానే తోలేవాణ్ణి. నోరే లేచేది కాదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ “ఎవరు కావాలి?” అంటే, డ్రైవర్ని అని చెప్పడానికి గొంతు పెగిలేది కాదు. “నాలుగో అంతస్తు వాళ్లింటికి” అని గొణిగేవాణ్ణి. చుట్టాన్ననుకుని లిఫ్టెక్కించేవాడు. పైన ఇంటావిడ తలుపు తీసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషిని చూసి, ఏ వైపు చుట్టమో తేల్చుకోలేక కూర్చోమనేది! మంచినీళ్లు తాగాక “నేను డ్రైవర్నండీ” అనడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అత్తారింట్లో నేను ట్రావెల్స్‌లో సూపర్‌వైజర్ని. ఆ మాట అక్కడ చాలాకాలం అలాగే ఉంది.

ఆ సిగ్గు బండిలోకి కూడా వచ్చి కూర్చుంటుంది. ఎవరూ చూడకుండా గబగబా ఎక్కాలి, తాళం తిప్పాలి, వెళ్లిపోవాలి. సాయంత్రం దిగాక ఓనరు బండి చుట్టూ తిరిగి, వెనక బంపర్ మీద వేలు పెట్టి “ఇదేంటయ్యా?” అంటాడు. అది పాత గీతేనని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. చెప్పడానికి మన దగ్గర మాట ఉండదు, చూపించడానికి కాగితం ఉండదు. నా డబ్బులు అలా కోసిన ఇళ్లున్నాయి. రాత్రంతా తిట్టుకుని, పొద్దున్నే కిరాణా కొట్లో జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి కొన్నాను. నేను చెప్పదలచుకున్న అలవాటు అదే. మిగతా సలహాలు మీకు నచ్చకపోయినా సరే, ఇదొక్కటి పట్టుకోండి.

పద్ధతి చెబుతాను. డ్యూటీకి ఓ పావుగంట ముందే చేరండి. తాళం చేతికి రాగానే ఎక్కి కూర్చోకండి. డ్రైవర్ డోరు దగ్గర మొదలుపెట్టి, బానెట్ మీదుగా ఎడమవైపు, డిక్కీ, మళ్లీ కుడివైపు, ఒక చుట్టు నడవండి. ప్రతి టైరు దగ్గరా వంగి చూడండి. డిక్కీ తెరిచి స్టెప్నీలో గాలి ఉందో, జాకీ, పానా ఉన్నాయో చూడండి. లైట్లు, ఇండికేటర్లు వేసి చూడండి. చూసినదల్లా రాయండి. నా నోట్‌బుక్‌లో పేజీ ఇలా ఉండేది: “తారీఖు. బండి చివరి నాలుగంకెలు. రీడింగు 48,216. పెట్రోలు రెండు గీతలు. ముందు కుడి టైరు గాలి తక్కువ. వెనక బంపర్ ఎడమ మూల పాత గీత, బెత్తెడు. ఎడమ అద్దం మడత పడదు. సారుకి చూపించాను.”

ఆ ఆఖరి రెండు మాటలే ప్రాణం. రాసి జేబులో దాచుకుంటే లాభం లేదు. బండి తీసే ముందు ఓనరు దగ్గరికి వెళ్లి, “సార్, వెనక బంపర్ మీద పాత గీత ఒకటుంది, రాసుకున్నాను. ముందు కుడి టైరుకి గాలి తక్కువుంది, దారిలో పట్టిస్తాను” అనండి. అంతే. ఆయన మొహం చూడండి. కొందరు ఫోన్ పక్కనపెట్టి మీవైపు తిరుగుతారు. కొందరు కిందకి దిగొచ్చి తామే చూసుకుంటారు. “అది మా అబ్బాయి గేటుకి గీరాడు” అని అప్పటికప్పుడు ఒప్పేసుకున్నవాళ్లున్నారు. సాయంత్రం ఆ గీత గురించి ఎవరూ మాట్లాడరు.

ఫోన్‌లో ఫొటో తీస్తే సరిపోదా అంటారు. తీయండి, కాదనను, కానీ అడిగి తీయండి. కొత్తవాడు పార్కింగులో నిలబడి ఫొటోలు తీస్తుంటే ఇంటివాళ్లకి అనుమానం. పైగా ఫోన్ పట్టుకున్న డ్రైవర్‌ని చూస్తే ఎవరికైనా ఫోన్ చూసుకుంటున్నాడనే అనిపిస్తుంది. పెన్నూ కాగితమూ పట్టుకున్నవాణ్ణి చూస్తే పని చేస్తున్నాడనిపిస్తుంది.

ఇలా జాబితా పెట్టుకుని చూసుకోవడం పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. 1935లో అమెరికాలో బోయింగ్ వాళ్ల కొత్త బాంబరు విమానం పరీక్షలోనే కూలింది. నడిపినవాళ్లు ఆరితేరినవాళ్లే, లేవబోయే ముందు తీయాల్సిన లాకు ఒకటి తీయడం మరిచారు. పైలట్లకి చెక్‌లిస్టు అలవాటు ఆ తర్వాతే బలపడింది. అతుల్ గవాండే అనే సర్జన్ ఈ సంగతంతా పుస్తకంగా రాశాడు. ఆపరేషన్ థియేటర్లలో అలాంటి జాబితా పెట్టి చూస్తే మరణాలు తగ్గాయట. మన పని ప్రాణాలతో కూడుకున్నది కాదా మరి?

ఈ అలవాటుతో నాకు జరిగిన అసలు మేలు గీతల విషయంలో కాదు. నోరు లేచింది. అద్దం ముందు నిలబడి “నేను సాధించగలను” అని పదిసార్లు అనమనే గురువులున్నారు. నేనూ అన్నాను, గేటు దగ్గర మళ్లీ గొణిగాను. చెప్పడానికి ఒక విషయం చేతిలో ఉంటే గొంతు దానంతటదే వస్తుంది. టైరులో గాలి తక్కువుందని చెప్పేవాడు బతిమాలుకునేవాడిలా కనిపించడు, తెలిసినవాడిలా కనిపిస్తాడు. కొన్నాళ్లకి వాచ్‌మన్ అడగకముందే “డ్రైవర్ని, ఫలానా ఫ్లాట్ బండికి వచ్చాను” అనేశాను. అత్తారింట్లో సంగతి అడక్కండి, దానికి ఇంకా టైం పట్టింది.

ఇంకో ఉపయోగం. డ్రైవర్‌కి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? మూడేళ్లు తోలినా ఓనరు ఒక కాగితం ముక్క రాసివ్వడు. కొత్త ఇంటికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్కే నా సర్టిఫికెట్. నలిగిన పేజీలు నాలుగు తిప్పి చూసి “రేపట్నుంచి వచ్చెయ్ బాబూ” అన్న పెద్దాయన ఉన్నాడు. అయితే ఒక జాగ్రత్త. ముందు పేజీలు బండివి, వెనక పేజీలు మనుషులవి. పెద్దావిడకి మోకాళ్ల నొప్పి, సీటు వెనక్కి జరపాలి, ఏసీ మొహం మీద పడకూడదు, సారుకి పాటలు పడవు. ఈ వెనక పేజీలు ఎవరికీ చూపించకండి. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో విప్పేవాణ్ణి నమ్మి ఎవరూ తాళం ఇవ్వరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆటోమేటిక్ బండి నేర్చుకోండి, ఇప్పుడు చాలా ఇళ్లలో అవే. క్లచ్‌కి అలవాటుపడిన ఎడమ కాలు ఖాళీగా ఉండలేక బ్రేకు మీద పడుతుంది, బండి ఎగిరి ఆగుతుంది, వెనక సీట్లో అమ్మగారి తల ముందు సీటుకి తగులుతుంది. ట్రయల్ అక్కడితో సరి. ఎడమ కాలిని వెనక్కి మడిచి పెట్టడం ఖాళీ స్థలంలో సాధన చేయండి. తిరుమల ఘాటు దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి, బ్రేకు మీదే కాలేసి కూర్చుంటే కాలిన వాసన ముందు పిల్లలకే తెలుస్తుంది. కొండ దిగడానికి కనీస సమయం పెట్టారు కాబట్టి తొందరపడి సాధించేదేమీ లేదు. అడిగితేనే మాట్లాడండి. సిగరెట్టు వాసనతో ఎక్కకండి. లైసెన్సు గడువు చూసుకోండి, అది దాటిపోతే ఏ తీర్పూ మిమ్మల్ని కాపాడదు. డిజిలాకర్‌లో కార్డు పెట్టుకోండి.

బీమా దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఎవరూ అడగరు. ఓనరు పాలసీలో జీతం మీద పనిచేసే డ్రైవర్‌కి విడిగా ఒక కవర్ తీసుకోవచ్చు. ఏడాదికి 50 రూపాయల ప్రీమియం. లక్షలు పెట్టి కారు కొన్నాయన ఆ 50 రూపాయల గడిలో టిక్కు పెట్టించాడో లేదో చేరిన రోజే మర్యాదగా అడగండి. మీ వంతుగా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు. టీ తాగే డబ్బులకి బద్ధకించేవాళ్లని చూస్తే తిట్టబుద్ధేస్తుంది.

గల్ఫ్ సంగతి అడిగేవాళ్లుంటారు. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్‌కి, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి సౌదీకి, దుబాయ్‌కి హౌస్ డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు కొల్లలు. అక్కడా తోలేది ఇంటి కారే, కాకపోతే అక్కడి లైసెన్సు తీసుకోవాలి. 2018 జూన్ నుంచి సౌదీలో ఆడవాళ్లూ కార్లు నడుపుతున్నారు, కాబట్టి మీ మేనమామ వెళ్లిన రోజుల లెక్క ఇప్పుడు కుదరదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉందో లేదో చూడండి. ఏజెంటు గరిష్ఠంగా తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షా, లక్షన్నరా అడిగేవాడికి దండం పెట్టండి. “విజిట్ వీసా మీద రా, అక్కడ మార్పిస్తాం” అనేవాడికి రెండు దండాలు. తెలంగాణ వాళ్లకి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగండి.

జీతం మాట దగ్గర నేనింకా బలహీనుణ్ణే. డబ్బు అడగాల్సి వస్తే ఇప్పటికీ అరచేతులు తడిసిపోతాయి. “మీ ఇష్టం సార్” అనేస్తాం, ఆ ఇష్టం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. అందుకని అడగాల్సినవి కూడా నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లేవాణ్ణి. నెలకెంత, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, దాటితే ఓటీ ఎంత, అవుట్‌స్టేషన్ బత్తా ఎంత, రాత్రి పడక ఎక్కడ, వారంలో సెలవు ఏ రోజు, చలానా పడితే ఎవరు కట్టాలి. నోరు రాకపోతే చూసి చదవండి, తప్పేం లేదు. ట్రయల్ అయ్యాక ఇంజన్ ఆపి, తాళం ఇంకా మీ చేతిలో ఉండగానే అడగండి. ఇచ్చేసి లిఫ్టు దాకా వచ్చాక అడిగితే, “ఫోన్ చేస్తాంలే బాబూ” అని తలుపేసుకుంటారు.