రిటర్న్ లోడులో గంజాయి దొరికితే

కొత్తపట్నం రొయ్యలో, చీమకుర్తి రాయో వేసుకుని విశాఖ వైపు వెళ్లిన బండి ఖాళీగా తిరిగొస్తే డీజిలు ఖర్చు కూడా రాదు. అందుకే తునిలోనో నర్సీపట్నంలోనో ఎవరో బ్రోకరు చూపించిన రిటర్న్ లోడు ఎక్కించుకుంటారు. ఏజెన్సీ గంజాయి చెన్నై వైపు దిగేదీ ఒంగోలు మీదుగా పోయే ఈ 16వ నంబరు జాతీయ రహదారి మీదే. దారిలో బండి ఆపి, కొబ్బరికాయల కింద మూటలు బయటికి తీస్తే ముందు దొరికేది స్టీరింగు పట్టుకున్న మనిషి. సరుకు పంపినవాడి ఫోను అప్పటికే మూగబోయి ఉంటుంది.

తెలిసి చేసినా, తెలియక ఇరుక్కున్నా న్యాయవాదిని పెట్టుకునే హక్కు అందరికీ ఉంది. అయితే తెలియక ఇరుక్కున్న డ్రైవరుకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని కాపాడేది కన్నీళ్లు కాదు, ఆ ప్రయాణం తాలూకు కాగితాలు.

ఎందుకంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) మామూలు నేరాల చట్టంలా నడవదు. బండిలో సరుకు దొరికిందని రుజువైతే, దాని సంగతి మీకు తెలుసనే కోర్టు అనుకుంటుంది. తెలియదని చూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది. సరుకు మీ అధీనంలో దొరికిందన్న మూల విషయాన్ని మాత్రం ముందు ప్రాసిక్యూషనే రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2008లో నూర్ ఆగా కేసులో చెప్పింది. మీ వంతు వచ్చేసరికి చేతిలో ఏముందన్నదే ప్రశ్న. లోడు ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రసీదు, ఈ-వే బిల్లు, బ్రోకరుతో నడిచిన వాట్సాప్ మెసేజీలు, కిరాయి జమ అయిన ఫోన్‌పే వివరం, లోడు ఎక్కించేటప్పుడు తీసిన ఫొటో, ఇవన్నీ సాక్ష్యాలే. బండి కదిలే ముందే వీటి ఫొటోలు ఇంటికి పంపి ఉంచండి, పట్టుబడ్డాక ఫోను మీ దగ్గర ఉండదు. కిరాయి మామూలు రేటుకు రెట్టింపు ఇస్తామంటే, బిల్లు లేకుండా రాత్రిపూట లోడు చేద్దామంటే ఒప్పుకోకండి. అనుమానం వస్తే రాష్ట్రంలో గంజాయి నిరోధానికి పెట్టిన ఈగల్ విభాగం నంబరు 1972కు చెప్పండి.

ఇక సోదా సంగతి. మీ ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరే హక్కు ఉందని పోలీసులు మీకు చెప్పి తీరాలి. అది 50వ సెక్షన్. ఆడవారిని ఆడవారే సోదా చేయాలి. కానీ ఈ రక్షణ ఒంటికే తప్ప చేతిలోని సంచికీ, బండికీ వర్తించదు. లారీ కేసులో దీన్నే నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది. అరెస్టు ఎందుకు చేస్తున్నారో మీకు తెలియజేయాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి. మధ్యవర్తుల రిపోర్టులో టైము, చోటు, బరువు తప్పుగా ఉన్నాయనిపిస్తే గుర్తుపెట్టుకుని మొదటిసారే లాయరుకు చెప్పండి. ఈ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలు మిమ్మల్ని శిక్షించడానికి పనికిరాదని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తోటి నిందితుడు మీ పేరు చెప్పాడని కేసులోకి లాగితే లాయరు ముందుగా పట్టుకోవాల్సిన తీర్పు ఇదే.

బరువు మీదే మొత్తం కేసు తిరుగుతుంది. గంజాయి కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, శిక్ష ఏడాది వరకు. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్లు. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు. చట్టం గంజాయి అనేది పూతనూ కాయనూ పట్టిన కొసలను. అవి లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ దాని కిందికి రావు. ఇరవై రెండు కిలోలన్నారంటే అందులో కాడ ఎంత, ఆకు ఎంత, తడి ఎంత అని లాయరు అడగాలి. నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలని 52ఏ సెక్షన్ చెబుతోంది. అది జరగనంత మాత్రాన కేసు కొట్టేయరని 2025లో సుప్రీంకోర్టు అన్నది. ఆ లోపం వల్ల సరుకు విషయంలోనే అనుమానం కలగాలి. కాబట్టి ‘ఒక్క టెక్నికల్ పాయింటుతో బయటపడేస్తా’ అనే మాట నమ్మి అప్పు చేయకండి.

లాయరుకు డబ్బు లేదా? కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ ఆడవారికీ అంతే. ఒంగోలులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇంట్లోవాళ్లు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోను చేయొచ్చు. మొదటి రిమాండు రోజే మేజిస్ట్రేటుకు ‘నాకు లాయరు లేరు’ అని నోరు తెరిచి చెప్పాలి. కొట్టి ఉంటే అదీ అప్పుడే చెప్పాలి. స్టేషను బయట నిలబడి ‘నేను మాట్లాడతా’ అనేవాడి చేతిలో పెట్టిన డబ్బు తిరిగి రాదు, కేసూ పోదు.

వాణిజ్య పరిమాణం కేసులో బెయిలు కష్టం. నిందితుడు దోషి కాడని నమ్మడానికి కారణాలు కోర్టుకు కనిపించాలని 37వ సెక్షన్ అంటుంది. అయినా దారులున్నాయి. 180 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే, కోర్టు గడువు పొడిగించకపోతే బెయిలు హక్కు అవుతుంది. ఇరవై కిలోలు దాటని కేసుల్లో ఆ గడువు 60 రోజులు. ఛార్జిషీటు పడకముందే అడగాలి, ఒక్క రోజు ఆలస్యమైనా హక్కు జారిపోతుంది. ఇంట్లోవాళ్లు క్యాలెండరు మీద ఆ తేదీ రాసి పెట్టుకోవాలి. విచారణ తెమలకుండా ఏళ్ల తరబడి జైల్లో ఉంచితే 37వ సెక్షన్ అడ్డు కాదని 2023లో మహమ్మద్ ముస్లిం కేసు తీర్పు వచ్చింది.

కొద్దిపాటి గంజాయితో దొరికిన కుర్రాళ్లకు ‘ఒప్పుకుని ఫైను కట్టేస్తే పోతుంది’ అని చెప్పేవాళ్లుంటారు. ఒప్పుకుంటే అది శిక్ష పడ్డ కేసుగానే మిగులుతుంది. పాస్‌పోర్టుకూ, ఉద్యోగానికీ అడ్డం రావచ్చు. అలవాటు పడి చిన్న పరిమాణంతో పట్టుబడ్డవారు ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొస్తే 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షిస్తుంది. సంతకం పెట్టేముందు ఆ దారి గురించి లాయరును అడగండి.

బండి యజమానులు చాలామంది లారీ ఇక జప్తే అనుకుని కిస్తీలు కట్టుకుంటూ కూర్చుంటారు. అక్కర్లేదు. 2025 జనవరిలో బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌డీపీఎస్ కింద పట్టుకున్న వాహనాన్ని విచారణ ముగిసేలోపు షరతుల మీద వదిలిపెట్టవచ్చని చెప్పింది. ఆ లారీ యజమాని నిందితుడు కాదు, హెరాయిన్ దొరికింది బండెక్కిన మరో మనిషి దగ్గర. మీరూ ఆర్‌సీ, ఫైనాన్సు కాగితాలు, డ్రైవరును పనిలో పెట్టుకున్న రుజువు, జీపీఎస్ రికార్డు తీసుకుని ప్రత్యేక కోర్టులో దరఖాస్తు వేయండి. వానకూ ఎండకూ స్టేషను ఆవరణలో టైర్లు పాడైపోక ముందే వేయండి.