కొండచెట్టును గ్రామస్థులే కాచుకొను విధము

ఆనందపురము ప్రాంతమున పూలతోటలును, కూరగాయల మడులును పెంచు రైతులకు నూతిలో నీరెంత యున్నదో ప్రతి వేసవియందును తెలియుచునే యుండును. ఆ నీటికి మొదలు కొండమీద నున్నదను సంగతి మాత్రము తఱచుగా మఱచుచుందురు. కొండవాలున పొదయు, గడ్డియు, రాలిన యాకును ఉన్నయెడల వాననీరు మెల్లగా నేలలో నింకును. ఆ కప్పు పోయినచోట నీరు ఒక్కసారిగా దిగి, మన్నును గులకరాళ్లను తెచ్చి చెఱువులో పోయును. చెఱువు పూడిన పిమ్మట నూతులు లోతు చేయించుట వలన వ్యయమే హెచ్చును.

ఈ దిక్కున పెద్దయడవి కంబాలకొండ. ఇది పూర్వము విజయనగరము మహారాజావారి యధీనమున నుండి, 1970లో అటవీశాఖ క్రిందికి వచ్చినది. 2002లో సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. అందు అనుజ్ఞ లేక కలప తీయుటయు, నిప్పు పెట్టుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరములు. కావున రైతులు తామై పూనుకొనదగిన పని దాని వెలుపలి గుట్టలందును, పోరంబోకు నేలలందును, చెఱువుగట్లయందును గలదు.

ఇట్టి పూనిక ఫలించుననుటకు నిదర్శనము పశ్చిమవంగమునందలి అరబరి. అచ్చట 1972 మొదలు 11 గ్రామములవారు సుమారు 1,270 హెక్టార్ల పాడుపడిన సాలవనమును కాచిరి. వారికి పనియు, వంటచెఱకును, కలప విక్రయములో నాల్గవవంతును ఇచ్చుటకు అటవీశాఖవారు ఒడంబడిరి. నఱకబడిన మోళ్లనుండియే పిలకలు లేచి యడవి యైనది. 1990లో కేంద్రప్రభుత్వమువారు ఈ పద్ధతిని ఎల్ల రాష్ట్రములకును సూచించిరి. ఆంధ్రప్రదేశమున 1992 మొదలు వన సంరక్షణ సమితు లేర్పడినవి. పేరు దీర్ఘమగుటచే జనులు వీయెస్సెస్ అనియే పిలిచెదరు. ఇంటికొక పురుషుడును, ఒక స్త్రీయు సభ్యులుగా నుండవలెనను నియమ మందు గలదు. పుల్లలకు కొండకు పోవువారు తఱచు స్త్రీలే గనుక, వారు లేని సభలో చేసిన కట్టడి కొండమీద చెల్లదు.

అన్నింటికంటె కష్టమైనది మేకల సంగతి. పిలకను మేక కొఱికినచో ఆ యేటి పెరుగుదల పోయినట్లే. అట్లని కొండనంతయు ఒక్కదినమున మూసివేసిన, మేకలే యాధారముగా గల బీదలు రాత్రివేళ తోలుకొనిపోవుదురు, తగవులు పెరుగును. వారిని దండించుటకు ముందు వారికేమి లభించునో చెప్పవలెను. హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామమున కొండదిగువ చిన్న మట్టికట్ట వేసి, నీటిలో భూమిలేని కుటుంబములకును సమానమైన వాటా నిచ్చిరి. అటుపిమ్మటనే వారందఱు కొండపై పశువులను విడుచుట మానిరి. ఇచ్చటను గుట్టను మూడు భాగములు చేసి, మొదట ఒక భాగమునే మూయుట మేలు. మూసిన భాగమున గడ్డిని విత్తు రాలిన పిమ్మట కొడవలితో కోసికొనిపోవచ్చును. ఆ గడ్డిలో మొదటి పాలు మేకలవారికే యీయవలెను. పొలముగలవారు దీనికి సమ్మతింపరేని పని సాగదు.

నేరేడు, వేప మొదలగు చెట్ల మోళ్లు చితికియున్నయెడల వాడిగొడ్డలితో నేలకు బెత్తెడు పైన, నీరు నిలువకుండ ఏటవాలుగా సవరింపవలెను. పిలకలు మోకాలెత్తు పెరిగినప్పుడు బలమైనవాటిని రెండింటిని నిలిపి తక్కినవి తీసివేయవలెను. సరుగుడు, నీలగిరి నాటిన శీఘ్రముగ డబ్బు వచ్చుననుట నిజమే. అయినను పశువులకు మేతయు, నేలకు పొదకప్పును వానివలన అంతగా లభింపవు.

నిప్పు విషయమున మాఘమాసము ముగియకమునుపే జాగ్రత్త పడవలెను. మూసిన భాగము చుట్టును పదిపండ్రెండడుగుల వెడల్పున ఎండుగడ్డిని, ఆకులను ఊడ్చి బాట తీయవలెను. వేసవి యంతయు దినమున కిద్దఱు చొప్పున ఇండ్లవరుసను కావలి కాయవలెను; ఎవరి వంతు ఏనాడో ముందుగనే వ్రాసి రచ్చబండవద్ద అంటించుట మంచిది.