ట్రాక్టరు గేరుబాక్సునకు తగిన ఆయిలు నెన్నుకొనుట



మన పెద్దలు ఇరుసునకు కందెన పెట్టకుండ బండి కట్టెడివారు కారు. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి ఇరుసునకు పూసెడివారు. ఇంటిలో నువ్వుల నూనె యున్నను దానిని వాడలేదు. ఆముదము చిక్కనిది, ఇరుసును విడువక పట్టుకొనియుండును. కావుననే దానిని కోరిరి. తొలినాటి మోటారులు చేసినవారును ఈ గుణమునే గుర్తించిరి. 1909లో ఇంగ్లండునందు వేక్‌ఫీల్డు కంపెనీవారు ఆముదము కలిపి చేసిన యంత్రపు నూనెకు కాస్ట్రాల్ అను పేరు పెట్టుటకు ఆముదమునకు ఇంగ్లీషునందు గల పేరే కారణము.

నేడు బండికి మారుగా ట్రాక్టరు వచ్చినది. దాని గేరుబాక్సునకును కందెన కావలయును. అయితే ఏ కందెన? "గేరాయిలు ఏదైన నొకటే", "చిక్కనిదే మంచిది", "పెద్ద అంకె గలదే మేలు" అను మూడు మాటలు అంగడులయందు వినబడుచుండును. మూడును పొరపాటులే. వీనిని నమ్మినవాని ట్రాక్టరు దమ్ముల నడుమ నిలిచిపోవచ్చును. లేదా నిండు ట్రక్కుతో కాలువగట్టు దిగునపుడు బ్రేకు పట్టకపోవచ్చును. కావున ఈ నెల పాఠమున ఈ విషయమును విచారింతము.

1. ఆయిలు చేయు పని

ఇంజనులో పుట్టిన బలము గేరు పండ్ల మీదుగా చక్రములకు చేరును. ఆ పండ్లు ఒకదానిపై నొకటి దొర్లుటయే గాక కొంత జారుచు రాచుకొనును. ఆయిలు వాని నడుమ పొరయై నిలిచి ఇనుము ఇనుమును తాకకుండ కాపాడును. పుట్టిన వేడిమిని కొనిపోవును. అరిగిన రజనును అడుగునకు చేర్చును. తుప్పు పట్టనీయదు.

మన ట్రాక్టరులలో అనేకములందు ఈ ఆయిలునకే మరి రెండు పనులు కలవు. నాగలి నెత్తు హైడ్రాలిక్ లిఫ్టు ఈ ఆయిలుతోనే నడచును. 1946లో తయారు కాజొచ్చిన ఫెర్గూసన్ టి.ఇ.-20 ట్రాక్టరునందే లిఫ్టునకును గేరులకును ఒకే ఆయిలు వాడబడెను. రెండవది బ్రేకు. "ఆయిలు బ్రేకులు" అని మనము పిలుచువానియందు బ్రేకు పళ్లెములు ఈ ఆయిలులోనే మునిగియుండును. గేరు పండ్లు జారవలెను, బ్రేకు పళ్లెములు పట్టవలెను. రెంటికిని ఒకే ఆయిలు. ఈ చిక్కును గ్రహించినవానికి తక్కిన పాఠమంతయు సులభము.

2. చిక్కదనపు అంకె

డబ్బాపై ఎస్.ఎ.ఇ. అను అక్షరముల ప్రక్కన 90, 140, 80డబ్ల్యు-90 మున్నగు అంకెలుండును. ఇవి చిక్కదనమును తెలుపును గాని మంచిచెడ్డలను తెలుపవు. ఇంజనాయిలు 40 కంటె గేరాయిలు 90 రెండింతలు చిక్కనిదని పలువురు తలంతురు. అది నిజము కాదు. రెంటికిని కొలబద్దలు వేరు. 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు కొలిచినచో ఇంజనాయిలు 40 యొక్క చిక్కదనము 12.5 మొదలు 16.3 సెంటిస్టోకుల లోపల నుండును; గేరాయిలు 90 యొక్క చిక్కదనము 13.5 మొదలు 18.5 లోపల నుండును. అనగా రెండును రమారమి సమానములే. గేరాయిలు 140 మాత్రము 24 సెంటిస్టోకులకు తగ్గదు.

డబ్ల్యు అను అక్షరము చలిని గూర్చినది. 75డబ్ల్యు అనునది సున్నకు దిగువ 40 డిగ్రీలయందును, 80డబ్ల్యు 26 డిగ్రీలయందును, 85డబ్ల్యు 12 డిగ్రీలయందును పరీక్షింపబడును. మన మైదానములందు అట్టి చలి లేదు గనుక ఆ అంకె తక్కువదైనంత మాత్రమున అధికమూల్యము నీయ నక్కరలేదు.

పుస్తకమున చెప్పినదానికంటె చిక్కని ఆయిలు పోసిన నేమగును? ఉదయమున లిఫ్టు పంపు దానిని పీల్చుకొనలేక మూల్గును. నాగలి మెల్లగా లేచును. ఆయిలును చిలుకుటకే ఇంజను బలము కొంత వ్యర్థమగును.

3. జి.ఎల్.-4, జి.ఎల్.-5

రెండవ గుర్తు ఎ.పి.ఐ. జి.ఎల్. అనునది. ఇది ఆయిలులో కలిపిన మందుయొక్క బలమును తెలుపును. గంధకము, భాస్వరము గల ఆ మందు పండ్లపై బరువు మిక్కిలి పడినపుడు లోహముతో కలిసి పలుచని పొర కట్టి పండ్లు కొరుకుకొనకుండ చేయును. జి.ఎల్.-5 నందున్న మందులో సాధారణముగా రమారమి సగము జి.ఎల్.-4 నందుండును.

అంత మందు ఎవరికి కావలయును? కారులందు హైపాయిడ్ అను జాతి క్రౌను పీనియనులు కలవు. 1926లో ప్యాకార్డు కారునందు ఇవి వాడుకకు వచ్చెను. వీనియందు పీనియను క్రౌను నడుమకు గాక క్రిందుగా కూర్చుండును. అందుచేత పండ్లు మిక్కుటముగా జారుచు రాచుకొనును. జి.ఎల్.-5 వీనికొరకే ఏర్పడినది. పెక్కు ట్రాక్టరుల క్రౌను పీనియనులు ఈ జాతివి కావు. వానికి అంతటి మందు అక్కరలేదు.

అక్కరలేని మందు కీడుచేయునా యని అడుగుదురు. ఒక్కొకచో చేయును. 1928లో కాడిలాక్ కారునందు మొదట వచ్చిన సింక్రోమెష్ ఏర్పాటు నేడు కొన్ని ట్రాక్టరులందును కలదు. గేరు మార్చునపుడు ఒక ఉంగరము, తరచుగా ఇత్తడిది, గేరును ఒరసిపట్టి రెండు చక్రముల వడిని సమానము చేయును. అప్పుడు గేరు చప్పుడు లేక పడును. ఆయిలు మితిమీరి జారునదైనచో ఉంగరము పట్టదు, గేరు గరగరలాడును. పైగా గంధకపు మందు బలమైనచో వేడిమియందు రాగి, ఇత్తడి భాగములను తినివేయగలదు. నేటి జి.ఎల్.-5 ఆయిళ్లు ఈ విషయమున పూర్వపువానికంటె మేలైనవే. అయినను ఒక యంత్రమునకు చెల్లినది మరియొకదానికి చెల్లునని తలపరాదు.

దీనికి కారులనుండి ఒక దృష్టాంతము. 1989లో వెలువడిన మాజ్డా ఎం.ఎక్స్.-5 అను చిన్న వేగపు కారు పుస్తకమున గేరుబాక్సునకు జి.ఎల్.-4 గాని జి.ఎల్.-5 గాని పోయవచ్చునని యున్నది. వెనుక డిఫరెన్షియలునకు మాత్రము జి.ఎల్.-5 యే పోయవలెనని యున్నది. ఒకే కారులో రెండు పెట్టెలకు రెండు నియమములు! కావున జి.ఎల్.-5 అనునది జి.ఎల్.-4 కంటె ఉత్తమమైనది కాదు. వేరు పనికి ఏర్పడినది. యూరియా బస్తా సూపరు బస్తాకంటె గొప్పదా యని ఎవరును అడుగరు గదా!

4. ఆయిలు బ్రేకులుగల ట్రాక్టరులు

వీనికి ఉత్త గేరాయిలు తరచుగా తగదు. గేరులకును, లిఫ్టునకును, మునిగియున్న బ్రేకులకును సరిపడునట్లు చేసిన ట్రాక్టరు ఆయిలు వేరుగా కలదు. దానిని యు.టి.టి.ఓ. అందురు. పళ్లెములు అదరక, కీచుమనక, నిలుకడగా పట్టుటకు తగిన మందు అందుండును. అది చేతికి పలుచగా తోచును. అందుచే కొందరు దానిని శంకించి చిక్కని గేరాయిలు పోయుదురు. అప్పుడు బ్రేకు అదరును, లేదా జారును. ఖాళీ పొలమున ఈ దోషము తెలియదు. నిండు ధాన్యపు బస్తాలతో గట్టు దిగునాడు తెలియును. ఇది సొమ్మునకు సంబంధించిన నష్టము కాదు, ప్రాణమునకు సంబంధించినది.

5. ఎన్నుకొను క్రమము

మొదట, ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకము తెరచి గేరుబాక్సు, వెనుక ఇరుసు, స్టీరింగు, ఒక్కొకదానికి ఏ ఆయిలు చెప్పబడినదో, ఎన్ని లీటరులు పట్టునో వ్రాసికొనవలెను. పిదప డబ్బాపై ఎస్.ఎ.ఇ. అంకెయు, జి.ఎల్. లేక యు.టి.టి.ఓ. గుర్తును, ట్రాక్టరు చేసినవారు కోరిన ప్రమాణపు పేరును సరిచూడవలెను. మూడును కలిసిన పిమ్మటనే వెల విచారింపవలెను. తక్కువపడినపుడు వేరుజాతి ఆయిలును పైన పోయరాదు. పాతది ఏదో తెలియనిచో, పని ముగించి వేడిగా నున్నపుడే అంతయు దింపివేసి, వడపోతను శుభ్రపరచి, క్రొత్తది పోయుట మేలు.

6. దమ్ము కాలమున జాగ్రత్త

ఆయిలు ఎంత మంచిదైనను నీరు చేరినచో చెడును. గేరుబాక్సునకు ఊపిరితూము ఒకటి యుండును. వేడెక్కిన వెనుక ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకొనును. ఊపిరితూము బురదతో మూసికొనియున్నచో, ఆ గాలి ఆయిలు సీళ్ల సందులనుండి నీటిని లోనికి పీల్చును. కావున దమ్మునకు ముందును వెనుకను ఊపిరితూమును శుభ్రపరచవలెను. కొలపుల్లను తీసి చూడగా ఆయిలు పాలు పోసిన కాఫీవలె నున్నచో నీరు చేరినదని ఎరిగి, వెంటనే మార్చవలెను. ఆయిలు దింపినపుడు అడుగు బిరడాకు బూడిదరంగు ముద్ద కొంచెము అంటియుండుట వాడుకయే. ఇనుప పలుకులున్నను, ఆయిలునందు పసుపువన్నె రజను మెరసినను మెకానిక్కునకు చూపవలెను.

7. సంఘము చేయదగినది

సభ్యుల ట్రాక్టరుల జాబితా వేసి, ఏ ఆయిలు ఎవరికి ఎంత కావలయునో లెక్కగట్టి, సంఘము సీలు విడని డ్రమ్ములు కొన్నచో కల్తీ భయమును తగ్గును, వెలయు తగ్గును. డ్రమ్మును ఆరుబయట నిలువుగా నుంచరాదు. దాని తలపై వాననీరు నిలుచును; రాత్రి లోపలి గాలి చల్లబడినపుడు, ఇరుసు విషయమున చెప్పినట్లే, బిరడా సందునుండి ఆ నీరు లోనికి పోవును. నీడపట్టున, బిరడాలు రెండును ఒకే మట్టమున నుండునట్లు పరుండబెట్టవలెను. ఒక్కొక ఆయిలునకు వేరు కొలపాత్ర, వేరు గరాటు ఉండవలెను. దింపిన పాత ఆయిలును కాలువలో పోయక డ్రమ్మున చేర్చి, దానిని శుద్ధిచేయుటకు అనుమతిగల వారికే ఇచ్చివేయవలెను.

సోదరులారా! ఈ పాఠము ముగించినవెంటనే మీ ట్రాక్టరు పుస్తకము వెదకి తీయుడు. అందు చెప్పిన ఆయిలు పేరును, అంకెను, లీటరులను మడ్గార్డు లోపలివైపున రంగుతో వ్రాయించుడు. అప్పుడు మీ కుమారుడు తోలినను, కూలికి వచ్చిన డ్రైవరు తోలినను, ఆయిలు పోయువాడు అంగడివానిని అడుగ నక్కరలేదు.