మూటబిడ్డ

బిడ్డను సాకుట ఎంతటి పనియో ఎదిగిన పిల్లలకు మాటలతో చెప్పిన తలకెక్కదు. మేమొక విధము చెప్పుదుము. పాతచీరె గుడ్డను సంచిగా కుట్టి మూడు కిలోల బియ్యము పోయుడి. అప్పుడే పుట్టిన బిడ్డ బరువు ఇంచుమించు అంతే. పైన గుడ్డతో తల కట్టుడి. మెడ వదులుగా నుండవలెను, చెయ్యి పట్టనియెడల తల వ్రాలిపోవలెను. రెండు మూడు గంటలకొకసారి, రాత్రియందును, లేచి ఎత్తుకొనవలెను. నీళ్లకు పోయినను ఒంటరిగా విడువరాదు. ఆడపిల్లలకే గాక మగపిల్లలకును ఇయ్యుడి. ఇది మరి గట్టిగా చెప్పుచున్నాము.

అయితే మూట ఏడ్వదు, దానికి జ్వరము రాదు. పశ్చిమ ఆస్ట్రేలియా పాఠశాలలలో ఏడ్చు యంత్రపు బొమ్మలనే బాలికలకిచ్చి చూచిరి. 2016లో వెలువడిన ఫలితమేమనగా, బొమ్మ పుచ్చుకొనినవారిలోనే 20 ఏండ్లలోపు గర్భము ధరించినవారు ఎక్కువ. కనుక బొమ్మనిచ్చి ఊరకుండరాదు. తల్లి ప్రక్కన కూర్చుండి తాను పడిన పాట్లు, నిద్రలేని రాత్రులు, దాచక చెప్పవలెను. తండ్రియు చెప్పవలెను, చెప్పుటకు ఏమైన నున్నయెడల!

నిర్గమకాండము 2వ అధ్యాయములో మోషే అక్కను చూడుడి. ఆమె కాచినది బొమ్మను కాదు, ప్రాణాపాయములోనున్న తమ్ముని. దూరముగా నిలిచి కనిపెట్టినది. సమయము చూచి తల్లిని పిలుచుకొని వచ్చినది. మూట దించిన తరువాత ఇంటిలోని చంటిబిడ్డను ఒక పూట మీ పిల్లవానికి అప్పగించి, మీరు అరుగుమీద కూర్చుండి చూచుచుండుడి.