గ్రామసేవకు మార్కులు: పంచాయతీ సాక్ష్యము, కళాశాల తీర్పు

వేసవి సెలవులలో ఒక కళాశాల విద్యార్థిని పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, చేతిలోని దినచర్య పుస్తకము తెరచి, "సర్పంచి గారూ, ఇచ్చట ఒక సంతకము కావలెను" అని అడిగినదనుకొందము. సంతకము చేయుటకు నిమిషము చాలును. కాని ఆ సంతకము ఏమి చెప్పుచున్నది? ఆమె ఊరికి వచ్చినదనియా? పని చేసినదనియా? చేసిన పని సరియైనదనియా? ఇవి మూడును వేరువేరు విషయములు. ఈ భేదమును పాటింపని మూల్యాంకనము కాగితముపై జరిగినను, కంప్యూటరులో జరిగినను నిష్ప్రయోజనమే. కావున విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌ను, అనగా పని చేయుచు నేర్చుకొను శిక్షణను, పరిశీలించి మార్కులు వేయుటకు డిజిటల్ విధానము ఎట్లుండవలెనో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరమునుండి అమలుపరచిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చినది. మొదటి సంవత్సరము ముగిసిన పిదప చేయవలసిన సామాజిక సేవా ప్రాజెక్టు అందులో మొదటి మెట్టు. దానికి కనీసము 180 గంటలు నిర్ణయించిరి. రోజునకు 6 గంటల వంతున లెక్కించినచో అది 30 దినముల పని. విద్యార్థి తన నివాసమునకు సమీపమున నున్న గ్రామములోనో, పురపాలక వార్డులోనో సర్వే జరిపి, తన చదువునకు సంబంధించిన ఒక సేవాకార్యమును చేపట్టవలెను. దినచర్య పుస్తకము వ్రాయవలెను. నివేదిక సమర్పించి మౌఖిక పరీక్షకు హాజరు కావలెను. ఇట్టి నియమములు కాలానుగుణముగా మారుచుండును గనుక, కళాశాల పంపిన ఉత్తరములో నున్న గంటలనే సభ్యులు ప్రమాణముగా గ్రహింపవలెను.

పుస్తకముతోనే సరిపెట్టుకొనినచో వచ్చు చిక్కులు మనకు తెలిసినవే. నెల దినముల పుటలన్నింటిపై చివరి రోజున ఒకేసారి సంతకములు పడవచ్చును. ఉపాధ్యాయుడు పట్టణములో నుండును. పని పల్లెలో జరుగును. నివేదిక కళాశాల బీరువాలో చేరును. అందులోని విషయము గ్రామమునకు తిరిగి రాదు. డిజిటల్ విధానము ఈ లోపములను సవరించుటకే గాని, పుస్తకమును ఫొటో తీసి పంపుటకు కాదు.

ఈ విధానములో మొట్టమొదట నిర్ణయింపవలసినది, ఎవరు ఏమి వ్రాయవలెనన్నది. విద్యార్థి, పంచాయతీ నియమించిన సాక్షి, కళాశాల ఉపాధ్యాయుడు - ఈ ముగ్గురికిని వేరువేరు గడులుండవలెను. ఒకరి గడిలో మరియొకరు వ్రాయుటకు వీలుండరాదు. తప్పు దొర్లినచో దిద్దవచ్చును. కాని పాత వ్రాత చెరిగిపోక, దిద్దినవారి పేరును తేదీయును దాని ప్రక్కన నిలిచి యుండవలెను.

రెండవది, దినచర్యలో ఏమి వ్రాయవలెనన్నది. ఒక ఉదాహరణము చూతము. రసాయనశాస్త్రము చదువు విద్యార్థిని కుళాయి నీటిలో క్లోరిన్ పరీక్ష చేయుచున్నది. క్లోరిన్ కలిపిన త్రాగునీరు కుళాయివద్దకు చేరునప్పటికి లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. "నేడు నీటిని పరీక్షించితిని" అని వ్రాసినంత మాత్రమున చాలదు. ఏ వీధి కుళాయి, ఏ గంటకు, ఏ సాధనముతో, ఎంత వచ్చినది, దగ్గర ఎవరున్నారు - ఈ అయిదును వ్రాసిననే అది దినచర్య యగును.

మూడవది, మార్కుల విభజన. ఉదాహరణకు నూటికి క్రమముగా పని చేసినందుకు 20, పని చేసిన పద్ధతికి 30, నివేదికకు 30, మౌఖిక పరీక్షకు 20 అని పెట్టుకొనవచ్చును. ప్రతి భాగమునకును ఎట్టి పనికి ఎన్ని మార్కులో మాటలలో ముందుగనే వ్రాసి విద్యార్థికి చూపవలెను. ప్రతి నమూనాకును చోటు, వేళ, ఫలితము వ్రాసి, సందేహము కలిగినచోట మరల పరీక్షించినచో పద్ధతికి పూర్తి మార్కులు. ఫలితములు మాత్రమే యుండి చోటు లేనిచో సగము. ఇట్లు స్పష్టముగా నుండవలెను.

ఈ మార్కులను వేయునది కళాశాలయే గాని పంచాయతీ కాదు. కారణమేమన, ఆ విద్యార్థిని చివరి వీధి కుళాయిలో క్లోరిన్ లేదని వ్రాసినదనుకొందము. నీటి సరఫరా చూచువారికి అది ఇష్టమైన మాట కాదు. మార్కులు వారి చేతిలోనే యున్నచో, నిజము వ్రాసినందుకు ఆమె నష్టపోవచ్చును. లేదా భయపడి ఆ మాట వ్రాయకయే పోవచ్చును. అప్పుడు నష్టపోవునది ఆమె మాత్రమే కాదు, ఆ వీధిలో నీరు త్రాగువారు కూడ. మరియొక విధమైన కీడు మొగమాటము వలన కలుగును. వచ్చిన ప్రతివారికిని "చాల బాగుగా చేసిరి" అని వ్రాసి యిచ్చినచో, ఎండలో ఇల్లిల్లు తిరిగినవారును, ఊరి పొలిమేర త్రొక్కనివారును సమానులగుదురు. కావున చూచినవారు సాక్ష్యము చెప్పవలెను. చదువు చెప్పినవారు తీర్పు చెప్పవలెను. ఈ రెండును కలియకుండ కాపాడుటయే డిజిటల్ విధానము చేయవలసిన ముఖ్యకార్యము.

నాలుగవది, విధానము పల్లె పరిస్థితులకు తగియుండవలెను. సెల్‌ఫోనులో తెలుగులో వ్రాయుటకు వీలుండవలెను. సిగ్నలు లేనిచోట వ్రాసినది ఫోనులోనే నిలిచి, సిగ్నలు అందినపుడు చేరవలెను. వ్రాసిన వేళయు, చేరిన వేళయు రెండును కనబడవలెను. స్మార్ట్‌ఫోను లేని సభ్యుడు కార్యాలయపు కంప్యూటరులో తన సాక్ష్యమును నమోదు చేయవచ్చును. తన ఫోనునకు వచ్చు ఓటీపీని మాత్రము ఇతరులకు చెప్పరాదు. చెప్పుట ఖాళీ కాగితముపై సంతకము చేసి యిచ్చుటతో సమానము. ఫోను ఉన్న స్థలమును కంప్యూటరు చూపగలదు గాని, ఫోను గలవారు పని చేసిరో లేదో చూపజాలదు. అందుచేతనే మనిషి సాక్ష్యము అవసరము.

అయిదవది, గృహస్థుల గోప్యత. సర్వేలో తెలియవచ్చిన రోగములు, అప్పులు, ఆధార్ సంఖ్యలు మార్కుల లెక్కకు అక్కరలేదు. ఇంటికొక వరుస సంఖ్య ఇచ్చిన చాలును. వివరములు ఎందులకు అడుగుచున్నారో చెప్పి, సమ్మతి పొందిన పిదపనే వ్రాసికొనవలెను. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసిన సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆరవది, తనకు వచ్చిన మార్కులను, వాటికి కారణములను విద్యార్థి చూడగలుగవలెను. అన్యాయము జరిగినదని తోచినచో, మొదట మార్కులు వేసినవారు గాక వేరొక ఉపాధ్యాయుడు పునఃపరిశీలన చేయవలెను. ఇక అమలునకు ముందు ఒక కళాశాలలో, ఒక గ్రామములో ప్రయోగించి చూచుట మంచిది. ఒకే పది దినచర్యలను ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా దిద్దవలెను. వారి మార్కులలో హెచ్చు తేడా వచ్చినచో లోపము కంప్యూటరులో లేదు. ముందుగా వ్రాసికొనిన ప్రమాణములలోనే అస్పష్టత యున్నదని తెలిసికొని వాటిని సవరింపవలెను.

పంచాయతీ సభ్యులు చేయవలసిన పని స్వల్పము. విద్యార్థి వచ్చిన మొదటి రోజుననే పేరు వ్రాసికొని, ఒక సభ్యుని సాక్షిగా నియమింపుడు. వారమునకొకసారి పనిచోటికి వెళ్లి చూడుడు. చూచినదానికే సాక్ష్యమిండు, చూడనిదానికి "చూడలేదు" అని వ్రాయుటకు సంకోచింపకుడు. పని ముగిసిన పిదప ఒక పుట సారాంశమును అడిగి తీసికొని గ్రామసభలో చదివింపుడు. కుళాయిలో క్లోరిన్ లేదని అందులో నున్నచో, మరల పరీక్ష జరిపించి, లోపము నిజమైనచో సరిచేయుడు.

ఆ విద్యార్థినికి 180 గంటలకు రావలసిన మార్కులు కళాశాలనుండి వచ్చును. చివరి వీధికి రావలసిన మంచినీరు మాత్రము మీ కార్యాలయమునుండియే రావలెను. ఆమె వ్రాసిన నిజము రెండుచోట్లకును చేరినప్పుడే ఆ పుస్తకముపై మీరు చేసిన సంతకమునకు విలువ కలుగును.