త్రాగి మిగిల్చిన నీరు

చదువవలసిన భాగము: యెహెజ్కేలు 34:17-22



యెహెజ్కేలు 34వ అధ్యాయమనగానే కాపరులను గద్దించిన అధ్యాయమని మనకు జ్ఞాపకము వచ్చును. సంఘస్థులకు మొదటి 16 వచనములు మిక్కిలి యిష్టము. అవి చదువునప్పుడు మావంటివారము తల వంచుకొందుము. అయితే 17వ వచనము దగ్గర ప్రవక్త కాపరులను విడిచి మందవైపు తిరుగుచున్నాడు. ఒక గొఱ్ఱెకును మరియొక గొఱ్ఱెకును నడుమ దేవుడే న్యాయము చూచునట. బలిసిన గొఱ్ఱెల నేరమేమి? మంచినీరు త్రాగుట నేరము కాదు. తాము కడుపునిండ త్రాగిన తరువాత, మిగిలిన దానిని కాళ్లతో కలచి బురద చేసినవి. వెనుక వచ్చిన బక్క గొఱ్ఱెలకు ఆ బురదనీరే గతియాయెను.

ఈ మాటలు పలికిన ప్రవక్త ఎక్కడ నుండెను? బబులోను దేశములో, కెబారు నదియొద్ద, చెరపట్టబడినవారి మధ్య నుండెను. ఆ కెబారు నిప్పూరు పట్టణ ప్రాంతమందలి పెద్ద కాలువయని పండితులు గుర్తించుచున్నారు. అనగా యెహెజ్కేలును మనవలె కాలువగట్టు మనిషియే. ఎగువవాడు చేసినది దిగువవాని రేవునకు చేరునని ఆయనకు ఒకరు నేర్పనక్కరలేదు. మనకును నేర్పనక్కరలేదు గాని, చెప్పవలసివచ్చుచున్నది.

కాటను దొర ధవళేశ్వరము వద్ద 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టగా 1852లో అది పూర్తియాయెను. దాని స్థానమున తరువాత కట్టిన బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. అక్కడనుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పోవు కాలువలు సుమారు 10 లక్షల ఎకరములు తడుపుచున్నవి. ఊరి మంచినీటి చెరువులు నింపునదియు ఆ నీరే. వేసవిలో కాలువలు కట్టివేయకముందే శివారు గ్రామములవారు చెరువు నింపుకొని, మరల నీరు వదలువరకు దానితోనే గడుపుకొనవలెను. సముద్రము దగ్గరి ఊళ్లలో బావి త్రవ్విన తరచు ఉప్పునీరే గదా! వారికి వేరొక నీరు లేదు.

ఇక మా తప్పు చెప్పుకొందుము. ఒక సంవత్సరము మా సంఘములో కోత పండుగ ఘనముగా జరిగినది. వేలములో గుమ్మడికాయలు, కోడిపుంజులు మంచి ధర పలికినవి. ప్రేమవిందైన తరువాత కుర్రవాళ్లు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, ఎంగిలి అన్నముతో సహా గోనెసంచులకెత్తి గుడి వెనుక కాలువలో దిమ్మరించిరి. మేము చూచితిమి. అలసియుంటిమి, ఏమియు అనలేదు. నాలుగు దినములైన తరువాత దిగువ ఊరిలో ఇంటి ప్రార్థనకు పోతిమి. ఆ ఇంటి వృద్ధురాలు మంచినీళ్ల చెంబు చేతికిచ్చుచు, “అయ్యగారండీ, మీ పండక్కి మేం రాలేదు గానండి, మీ విందు మా రేవుకే వచ్చేసిందండి. తూములో అడ్డం పడితే మా మనవడు దిగి తీశాడండి” అనెను. నవ్వుచునే అనెను. ఆ నీరు మాకు గొంతు దిగలేదు. ఈ వేదభాగముపై అంతకుముందు రెండుసార్లు ప్రసంగించియుంటిమి.

మరుసటి సంవత్సరము స్త్రీల సమాజమువారు ఒక పద్ధతి పెట్టిరి. ఎవరి కంచము, గ్లాసు వారు తెచ్చుకొనవలెను; తేనివారికి అరటియాకు. అరటితోటల సీమలో ఆకుకు కరువా? ఎంగిలాకులు గుడి ఆవరణములోని గోతిలో వేసి మట్టి కప్పుచున్నాము; ఆ ఎరువు కొబ్బరిమొక్కలకు పోవుచున్నది. మొదట కొందరు పెద్దలు, “కంచం చంకన పెట్టుకుని గుడికి రావడం నామోషీ అండి” అనిరి. అయిదువేలమందికి వడ్డించిన ప్రభువు విందైన తరువాత శిష్యులచేత ముక్కలు ఏరించెను (యోహాను 6:12). పన్నెండు గంపలు మోయుట వారికి నామోషీ కాలేదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడియున్నను, సంతలో దొరకుచునే యున్నవి. ప్రభుత్వమే ఆపునని కూర్చుండిన పని జరుగదు.

రైతు సోదరులారా, మీ సంగతి ప్లేట్లకంటె పెద్దది. పురుగుమందు కొట్టినతరువాత స్ప్రేయరు కాలువరేవులో కడుగు అలవాటు మనలో అనేకులకు కలదు. మందుడబ్బా ఖాళీయైనప్పుడు మూడుసార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి చేనిమీద కొట్టవలెను. స్ప్రేయరు కడిగిన నీళ్లును కాలువకు దూరముగా చేనిలోనే పోయవలెను. ఖాళీ డబ్బా గట్టున పారవేయరాదు. దానిలో మరల నూనెగాని నీళ్లుగాని పోసికొనరాదు. డబ్బిచ్చి కొన్న మందు మన పంటకు పోవలెను గాని, పొరుగువాని చెంబులోనికి పోవుట ఏమి న్యాయము? చేపల, రొయ్యల చెరువుల నీటిమాట పొడుగైనది. అది మరియొక మాసమున వ్రాయుదుము.

గుర్రపుడెక్కను అందరము తిట్టుకొనుచున్నాము. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన మొక్కయే గాని, దానిని మేపుచున్నది మన మురుగును, మన ఎరువుల నీరును.

మనకు దిగువ ఊరున్నట్లే ఎగువ ఊరును కలదు. అక్కడి ఎంగిలి మన రేవునకు వచ్చినప్పుడు మాకును కోపము వచ్చినది. ఉత్తరము వ్రాయ కూర్చుంటిమి. ఆ వృద్ధురాలు నవ్వుచు చెప్పిన రీతి జ్ఞాపకమువచ్చి మానితిమి. వచ్చే నెల ఆ ఊరి సంఘమువారు తమ కూడికకు మమ్మును పిలిచియున్నారు. మా కంచములు మేమే తీసికొని పోవుచున్నాము.